కుడి చెవి కనపడాలి

ఆదివారం పొద్దున్నే ఫోటో మాస్టారు స్టూడియో గదిలో తివాచీ చుట్టేస్తుంటే, భార్య టీ గ్లాసుతో గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆమె కాపురానికి వచ్చిన రోజు నుంచీ ఆ తివాచీ అక్కడినుంచి కదిలింది లేదు. చీపురు కూడా దాని చుట్టూ ప్రదక్షిణం చేసి వెళ్ళిపోవాల్సిందే.

“పెళ్ళివారు వచ్చే రోజే దొరికిందా మీకు దుమ్ము దులపడానికి?”

“దుమ్ములో కూర్చోబెట్టమంటావా వాళ్ళని?”

“ముప్ఫై ఏళ్ళుగా లేని శుభ్రం ఇవాళ ముంచుకొచ్చింది. ఆ గచ్చు చూడండి ఎలా ఉందో. మధ్యలో ఆ పసుపు గీతేంటి?”

“పాతది. స్టూలు ఎక్కడ వెయ్యాలో తెలియడానికి గీసుకున్నా” అని టీ అందుకున్నాడు మాస్టారు.

గొడవల రోజుల్లో, ఏటికి అవతలి వాళ్ళు ఈ ఊళ్ళో బతకాలంటే అనుమతి కార్డు కావాలి. కార్డుకి ఫోటో కావాలి. ఇవతలి వాళ్ళు ఎదురుగా చూడొచ్చు. అవతలి వాళ్ళు మాత్రం పక్కకి తిరిగి, కుడి చెవి కనపడేలా కూర్చోవాలి. కార్డు తియ్యగానే ఎవరు ఎవరో దూరం నుంచే తెలియాలని ఆ ఏర్పాటు. ఆ గీత మీద స్టూలు వేసి మాస్టారు మూడేళ్ళలో వేలమందిని కూర్చోబెట్టాడు. చివరి ఏడాది సైన్యం వాళ్ళొచ్చి ఫోటోల కాపీలు అడిగారు. ఒక్కో దాని వెనక మాస్టారు గుండ్రటి చేతిరాతతో చిరునామా ఉంది. పక్కవీధి స్టూడియో ఆయన తన దగ్గరున్నవి తగలబెట్టాడు, ఆయన వేళ్ళు విరిచేశారు. మాస్టారు తనవి కట్టలు కట్టి ఇచ్చాడు, ఆయన వేళ్ళు ఇప్పటికీ చక్కగా పనిచేస్తున్నాయి. ఆ వారం రోజుల్లో ఇల్లిల్లూ వెతికి మగవాళ్ళని పట్టుకుపోయారు. పోయినవాళ్ళు పోయినట్టే.

సైన్యం వెళ్ళాక మాస్టారు చేసిన మొదటి పని ఒక తివాచీ కొనడం.

ఇన్నేళ్ళకి కూతురు చిట్టి ఏరి కోరి బస్సు డిపో మెకానిక్‌ని చేసుకుంటానంది. “వాళ్ళ నాన్న గొడవల్లో పోయారు నాన్నా. అప్పట్లో వాళ్ళు ఈ ఊళ్ళోనే ఉండేవారట” అని మామూలుగా చెప్పింది. మాస్టారికి ఆ పూట అన్నం దిగలేదు. వద్దంటే వినే పిల్ల కాదు, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. అవునంటే ఆ తల్లి ఈ ఇంటికి వస్తూ పోతూ ఉంటుంది, ఏదో ఒక రోజు గుర్తుపడుతుంది. గుర్తుపట్టి చిట్టికి చెబుతుంది. చిట్టి ఇంక నాన్నా అని పిలవదు. ఆ ఒక్క భయంతో వారం రోజులు ఆలోచించి, పామూ చావాలి, కర్రా విరగకూడదు అన్న ఉపాయం పట్టాడు. తను వద్దనక్కర్లేదు. ఆవిడ చేతే వద్దనిపిస్తే చాలు; ఆ గీత చూస్తే భయపడి, ఏదో సాకు చెప్పి వెళ్ళిపోతుంది. అందుకే తివాచీ తీశాడు.

పదిన్నరకి వాళ్ళొచ్చారు. మెకానిక్ ఎంత తోముకున్నా గోళ్ళ సందుల్లో గ్రీజు పోలేదు. వాళ్ళమ్మ ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రి దుప్పట్లు ఉతికిన మనిషి, వేళ్ళు ఇంకా నీళ్ళలో నానుతున్నట్టే ముడతలు పడి ఉన్నాయి. జుట్టు రెండు చెవుల మీదకీ దించి దువ్వుకుంది.

“కూర్చోండి వదినగారూ” అంది మాస్టారి భార్య. మర్యాద మాటలోనే ఉంది, మొహంలో లేదు. “ముందే చెప్పేస్తున్నా, ఏమీ అనుకోకండి. మా తమ్ముడు వంతెన మీద పోయాడు. మీ వైపు నుంచి పడ్డ బాంబే. పందొమ్మిదేళ్ళు వాడికి.”

“అమ్మా” అంది చిట్టి.

“చెప్పనీ తల్లీ” అందావిడ. “తెలుసు వదినగారూ. అమ్మాయి చెప్పింది. మీ ముందు కూర్చోవడానికి నాకూ నెల పట్టింది.”

ఆ మాటకి మాస్టారి భార్య టీ కప్పు ఆవిడ చేతికి దగ్గరగా జరిపింది. పరిస్థితి చల్లబడుతోందని చూసి మాస్టారు లేచాడు.

“మాటలు తర్వాత. ఫోటోగ్రాఫర్ ఇంట్లో ఏ శుభం తలపెట్టినా ముందు ఫోటో. రండి, పెద్దవారు మీరే ముందు.”

ఆవిడ స్టూడియోలో అడుగుపెట్టి గీత చూసింది. కాళ్ళు ఆగిపోయాయి. గీత మీద ఉన్నది ఆ పాత ఇనప స్టూలే. మాస్టారు కెమెరా వెనక్కి వెళ్ళి ఎదురుచూశాడు. ఇప్పుడు వెనక్కి తిరుగుతుంది, తల తిరుగుతోందంటుంది, కొడుకుని పట్టుకుని వెళ్ళిపోతుంది. అంతవరకే ఆయన లెక్క.

ఆవిడ వెళ్ళి కూర్చుంది. ఎవరూ ఏమీ అనకుండానే పక్కకి తిరిగింది.

ఎంత వద్దనుకున్నా అలవాటు అలవాటే. తెరలో ఆ ముఖం పక్కకి కనపడగానే, బుర్రకి పని లేకుండా మాస్టారి నోరు తన పని చేసుకుపోయింది.

“జుట్టు వెనక్కి. కుడి చెవి కనపడాలి. కదలొద్దు.”

ఆవిడ చెయ్యి దానంతటదే లేచి జుట్టు వెనక్కి నెట్టింది. చెవి తమ్మె సగం లేదు, పోగు లాగేసిన చోట చీలిపోయి అలాగే మానింది. ఫ్లాష్ వెలిగింది. ఆవిడ గబుక్కున లేచి, చేతులు కట్టుకుని, పాతికేళ్ళ పిల్ల గొంతుతో అంది.

“అయిపోయిందా బాబుగారూ? ఇంట్లో చంటివాడున్నాడు. తొందరగా పంపించండి.”

ముప్ఫై మూడేళ్ళ చంటివాడు రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. అమ్మని అలా ఎప్పుడూ చూడలేదు. దగ్గరికెళ్ళి భుజం పట్టుకున్నాడు. ఆవిడ ఉలిక్కిపడి, అతని మొహంలోకి చూసి, ఈ లోకంలోకి వచ్చింది.

“ఇంటికి పోదామమ్మా” అన్నాడు మెకానిక్. మాస్టారి వైపు చూడలేదు.

అనుకున్నది జరిగింది. మాస్టారికి గుండెల మీంచి బరువు దిగినట్టయింది. చెప్పడానికే సిగ్గుచేటు గానీ, ఆ క్షణంలో ఆయనకి కలిగింది హాయే.

“నాన్నా” అంది చిట్టి. “తివాచీ ఎందుకు తీశావు?”

“దుమ్ము పట్టిందని.”

“నాకు ఊహ తెలిసినప్పటినుంచీ నన్ను దాని అంచు కూడా ఎత్తనివ్వలేదు. ఆ స్టూలు షెడ్డులో ఉండాలి. ఎవరు తెచ్చారు?”

“ఏదో చేతికందింది...”

“ఆవిడ కూర్చోకముందే భయపడాలని తెచ్చావు. వాళ్ళంతట వాళ్ళే పోతే నీ చేతికి మట్టి అంటదని. నువ్వు వద్దని ఉంటే నీతో పోట్లాడేదాన్ని నాన్నా. ముసలామెని పట్టుకుని హింసించావే.”

“నీకు దూరమవుతానని చేశానే” అన్నాడు మాస్టారు. అబద్ధం కాదు. ఆ నిజమే ఆయన్ని ఇంకా నీచంగా చూపించింది.

గుమ్మం దాకా వెళ్ళిన ఆవిడ ఆగింది. కొడుకు చెయ్యి వదిలించుకుని వెనక్కి వచ్చింది.

“ఈయన నన్ను భయపెట్టలేదమ్మా. భయం నాతోనే వచ్చింది. ఈ ఇల్లు ఎవరిదో నాకు ముందే తెలుసు. తెలిసే వచ్చాను.” మాస్టారి వైపు తిరిగింది. “మా ఆయన్ని తీసుకుపోయినప్పుడు ఇల్లంతా తగలబెట్టారు. నా దగ్గర ఆయన బొమ్మ ఒక్కటి లేదు. వీడికి తండ్రి మొహం గుర్తులేదు. ఆయన్ని తీసుకుపోయిన సిపాయి చేతిలో ఉన్న ఫోటో వెనక మీ రాత ఉంది. మీరే తీశారు, మీ దగ్గర ఇంకోటి ఉంటుందేమోనని వచ్చాను. సంబంధం సాకు కాదు, కానీ ఇదీ ఉంది.”

మాస్టారి భార్య మొగుడి వైపు చూసింది. “మీ రాత సిపాయి చేతికి ఎలా వెళ్ళింది?”

“అడిగారు. ఇచ్చాను” అన్నాడు మాస్టారు. “నా దగ్గర ఏమీ లేవు. అన్నీ ఇచ్చేశాను.”

“లేవా? మరి అటక మీద రేకు డబ్బా ఏంటి?” అందామె. “పాడైపోయిన ఫిల్ములని ముప్ఫై ఏళ్ళుగా చెప్తున్నారుగా. నన్ను ముట్టుకోనివ్వరుగా. చిట్టీ, నిచ్చెన తీసుకురా.”

కాపీలు ఇచ్చాడు గానీ నెగటివ్‌లు ఇవ్వలేదు. మంచితనమేమీ కాదు. ఫోటోగ్రాఫర్ నెగటివ్ పారేయలేడు, అంతే. డబ్బా నిండా కాగితపు కవర్లు, వాటి మీద నంబర్లు.

“నాలుగొందల పన్నెండు” అంది ఆవిడ, తన పేరు చెప్పుకున్నంత తేలిగ్గా. “నాది పదమూడు.”

చిట్టి నెగటివ్‌ని స్కానర్ మీద పెట్టింది. కంప్యూటర్ తెర మీద ఒక కుర్రవాడు తేలాడు. పక్కకి తిరిగి, చెవి చూపిస్తూ, ఎవరో తిట్టబోతున్నట్టు గడ్డం బిగించి కూర్చున్నాడు. మెకానిక్ చెయ్యి తెలియకుండానే తన ముక్కు మీదకి పోయింది.

ఆవిడ తెరకి బాగా దగ్గరగా వంగింది. చాలాసేపు చూసింది.

“పుట్టుమచ్చ లేదు” అంది. “అటు బుగ్గ మీద ఉండేది. ఎడమ వైపు. బాబుగారూ, ఆ రోజు ఆయన అడిగాడు మిమ్మల్ని. ఇంట్లో పెట్టుకోవడానికి ఎదురుగా ఒకటి తియ్యమని. గుర్తుందా?”

మాస్టారికి గుర్తులేదు. అలా అడిగినవాళ్ళు ఎంతోమంది. కానీ తను ఏమన్నాడో మాత్రం తెలుసు, అందరికీ అదే చెప్పేవాడు.

“మీవాళ్ళకి ఎదురు ఫోటో లేదు, అన్నాను” అన్నాడు, నేల చూస్తూ.

అప్పుడు ఏడ్చాడు. ఏడ్చే హక్కు తనకి లేదని తెలిసే ఏడ్చాడు. ఓదార్చడానికి ఎవరూ రాలేదు. మాస్టారి భార్య వెళ్ళి ఆవిడ పక్కన నిలబడింది. తమ్ముడు పోయినప్పటినుంచీ అవతలి వాళ్ళ గాలి సోకితే పక్కకి తప్పుకునే మనిషి, ఆవిడ ముడతల చేతిని తన చేతిలోకి తీసుకుంది.

“పెళ్ళి ఆగదు” అంది ఆవిడ. “పిల్లలు చేసిన తప్పేమీ లేదు. కానీ రేపు మనవలు పుడితే, తాత ఏం చేశాడో మీరే మీ నోటితో చెప్పాలి. నేను చెబితే వాళ్ళకి పగ నేర్పినట్టవుతుంది.”

“చెప్తాను చెల్లెమ్మా.”

“ఆ పిలుపుకి ఇంకా టైముంది. ఫోటో తీస్తానన్నారుగా, తియ్యండి.”

వెళ్ళి స్టూలు మీద కూర్చుంది. ఎదురుగా చూడబోయింది, మెడ మాట వినలేదు, పక్కకే తిరిగిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి ఆవిడ ఆలోచించి, మొత్తం మనిషి అటు తిరిగి, ఎడమ బుగ్గ కెమెరాకి పెట్టింది.

“ఈ వైపు ఎప్పుడూ ఎవరూ తియ్యలేదు. ఇది తియ్యండి.”

మాస్టారు కెమెరాలోకి చూశాడు. కళ్ళనిండా నీళ్ళు, తెరలో ఏదీ నిలబడటం లేదు. తుడుచుకుని చూశాడు. మళ్ళీ మసకే.

“లే నాన్నా, నేను తీస్తాను” అంది చిట్టి.

“వద్దమ్మా” అంది ఆవిడ, తల తిప్పకుండా. “ఆయనే తియ్యాలి. కుదిరేదాకా కూర్చుంటాను.”