ఆకలి గుంట

ఆ తూకాన్ని ఇంట్లోకి తెచ్చింది బోదిల్. తోర్కిల్ కూతురు తిండికి దూరమవడానికి కారణం బోదిలే. ఇందులో వాదించడానికేమీ లేదు.

బోదిల్ అతని భార్య ఇంగెర్‌కు చెల్లెలు. పక్క ఊరి వృద్ధుల గృహంలో నర్సు. ఇంగెర్‌కు కడుపులో క్యాన్సర్ ముదిరిన చలికాలంలో ఒక తెల్లటి వంటింటి తూకమూ, గీతలు కొట్టిన కాగితాల కట్టా తెచ్చి అతని కూతురు, పదిహేనేళ్ళ సిగ్నె చేతిలో పెట్టింది. అమ్మ ఏం తిన్నదో, ఎంత తిన్నదో రోజూ రాయమంది. ఫిబ్రవరిలో ఇంగెర్ పోయింది. కాగితాల పని అయిపోయింది. తూకం మాత్రం పొయ్యి పక్కనే ఉండిపోయింది. తరువాతి ఏడాది వేసవికి సిగ్నె తన తిండి తూచుకుని ఫోనులో రాసుకోవడం మొదలుపెట్టింది.

ఆ నవంబరు శనివారం ఎనిమిది దాటాక తోర్కిల్ కొట్టం నుంచి వచ్చాడు. తెల్లవారుజామున ఒక ఆవు కష్టపడి ఈనింది. మోచేతుల దాకా కడుక్కున్నా చేతులకింకా ఆ వాసన పోలేదు. యూట్లాండ్ తీరపు పడమటి గాలి వానను కిటికీకేసి కొడుతోంది. సిగ్నె బల్ల దగ్గర కూర్చుని గిన్నెలో ఓట్స్ తూస్తోంది. చెంచాతో వేసింది. అంకె చూసింది. వేలికొసతో మూడు రేకులు తీసి మళ్ళీ పొట్లంలో వేసింది.

"మూడు రేకులు ఎక్కువైతే ఏమవుతుంది?" అన్నాడు తోర్కిల్.

"ఎక్కువవుతుంది."

"ఆకలిగా లేదా నీకు?"

సిగ్నె ఫోను చూసింది. "ఇంకా లేదు."

"నీ ఆకలి దానికెలా తెలుసే?"

"నాన్నా, పొద్దున్నే మొదలుపెట్టకు."

అతను కాఫీ పోసుకుని ఎదురుగా కూర్చున్నాడు.

మొదట్లో అతనికి ఇది నచ్చింది. ఆ సంగతి ఎవరికీ చెప్పడు. ఊరి బడిలో ఏడేళ్ళు చదివితే అతనికి మిగిలింది దస్తూరీ, కూడికలు. అరవై నాలుగు ఆవుల్లో ఏ ఆవు ఎంత దాణా తిన్నది, ఎన్ని పాలిచ్చింది అన్నది ముప్పై ఏళ్ళుగా రాస్తున్నాడు. పాలు తగ్గితే ముందు దాణా చూడాలి. అది తెలియనివాడు రైతు కాడు. అందుకని కూతురు రొట్టెముక్క తూచి రాసుకుంటుంటే పొరుగాయనతో గొప్పగా చెప్పుకున్నాడు. "మా అమ్మాయికి లెక్కంటే లెక్కే" అన్నాడు.

ముందు చక్కెర పోయింది. తరువాత వెన్న పోయింది. స్నేహితురాలి పుట్టినరోజుకు సొంత డబ్బా పట్టుకెళ్ళింది. ఆపిల్‌ను తినక ముందు తూచేది, తిన్నాక మిగిలిన మధ్యభాగాన్ని తూచేది. పొట్లం వెనక అంకె లేనిది ముట్టడం మానేసింది. పొరుగావిడ ఇచ్చిన బేరిపండ్ల జామ్ సీసా మూత తియ్యకుండానే బూజు పట్టింది. తినడమంటే ఆ పిల్లకు రోజూ రాసే పరీక్ష అయిపోయింది. ఏ రోజూ పాసయినట్టు కనపడేది కాదు. ఆ జబ్బు అతనికీ అంటుకుంది. ఆమె ఎన్ని బంగాళాదుంపలు వేసుకుందో, ఫోర్కు ఎన్నిసార్లు నోటి దాకా వెళ్ళిందో లెక్కపెట్టేవాడు. ఆ బల్ల దగ్గర ఇద్దరూ లెక్కపెట్టేవాళ్ళే. ఒక్కరికీ రుచి తెలిసేది కాదు.

ఆవు తిన్నదో లేదో చెప్పడానికి తోర్కిల్‌కు తూకం అక్కర్లేదు. ఎడమవైపు పక్కటెముకల వెనక చిన్న గుంట ఉంటుంది. తిన్న ఆవుకు అది నిండుతుంది, తినకపోతే లోతుగా పడుతుంది. అక్కడి రైతులు దాన్ని ఆకలి గుంట అంటారు. రోజూ అరవై నాలుగు గుంటలు చూసే మనిషి, సొంత కూతురు చలికోటు తీసి దూడల బకెట్టు ఎత్తేదాకా ఏమీ చూడలేదు. ఆ రోజు చొక్కా కింద ఎముకలు కనిపించాయి.

డాక్టరు ఉత్తరం రాసిచ్చాడు. నగరంలో ఇలాంటి పిల్లలకు వేరే ఆసుపత్రి ఉందట. ఎనిమిది వారాలు ఆగాలట. ఆవుకైతే పశువైద్యుడు మధ్యాహ్నానికల్లా వస్తాడు.

అందుకని తనకు తెలిసిన పని చేశాడు. సిగ్నె అంగడిలో వెన్న తీసిన పాలే కొనుక్కునేది. "ఇంటినిండా పాలుండగా పాలు కొనుక్కునే మనిషివి నువ్వొక్కదానివే" అని ఎన్నిసార్లు ఎత్తిపొడిచినా వినలేదు. పద్దెనిమిది రోజుల క్రితం అతను ఆ అట్టడబ్బాలో పాలు సింకులో వంపేసి, కొట్టంలో పాల ట్యాంకులోని చిక్కటి పాలు గరాటుతో పోశాడు. రోజూ పోస్తున్నాడు. రాత్రంతా కదలకుండా ఉంటే మీగడ పైకి తేలుతుంది. అందుకని ఆమె లేవకముందే డబ్బాను బాగా కుదిపి పెట్టేవాడు.

ఆ పొద్దున ఆవు ఈనింది. కుదపడం మరిచిపోయాడు.

సిగ్నె గిన్నెను తూకం మీద పెట్టి డబ్బా వంచింది. పాలు రాలేదు. ఇంకాస్త వంచింది. పసుపుపచ్చని మీగడ ముద్ద ఒకటి ఓట్స్ మీద పడింది.

"ఇదేంటి?"

తోర్కిల్ కప్పులోకి చూశాడు.

"నాన్నా, నిన్నే. ఇదేంటి?"

"మీగడ."

"వెన్న తీసిన పాలలో మీగడెక్కణ్ణుంచొస్తుంది?"

ఆమె డబ్బా వాసన చూసింది. కొట్టంలో పుట్టి పెరిగిన పిల్ల. ఇంకేం అడగక్కర్లేకపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"పద్దెనిమిది రోజులు."

సిగ్నె ఫోను తీసుకుని వేలితో వెనక్కి జరుపుతూ పోయింది. "ఇది తప్పు. ఇదీ తప్పు. ఇదీ..." తలెత్తింది. "రాసినదానికీ బరువుకూ పొంతన లేకపోతే నాకేదో అయిందనుకున్నాను. మధ్యాహ్నం రొట్టె మానేశాను. తెలుసా నీకు?"

తెలియదు. అతను పాలు చిక్కబరుస్తున్నాడు, ఆమె రొట్టె మానేస్తోంది. ఇదన్నమాట పద్దెనిమిది రోజుల రైతుతనం.

"నీ ఆవుల్నైనా ఇలా మోసం చేస్తావా?"

"ఆవులు అబద్ధాలాడవు. నువ్వు బడిలో తిన్నానంటావు, డబ్బా తెచ్చి కుక్కకు పెడతావు. చూడలేదనుకున్నావా?"

"చూస్తావు! ఎప్పుడూ చూస్తూనే ఉంటావు! నా నోట్లోకి చూడకుండా ఒక్కపూటైనా తిన్నావా నువ్వు?"

తలుపు తెరుచుకుంది. బోదిల్ తడిసిన కోటుతో లోపలికొచ్చింది. ప్రతి శనివారం వచ్చినట్టే గసగసాలు చల్లిన రొట్టెల సంచితో వచ్చింది.

"కాఫీ ఉందా బావా? బయట కుక్క కూడా ఉండలేని వాన..." ఇద్దరి ముఖాలూ చూసి ఆగింది. "ఏమైంది?"

"రావమ్మా, రా. తూకం యజమానురాలివి. నీ పనే చూస్తున్నాం" అన్నాడు తోర్కిల్.

"మళ్ళీ మొదలా?"

"ఎందుకు తెచ్చావు దాన్ని? ఎవరు తెమ్మన్నారు నిన్ను?" అతను గిన్నెను పక్కకు నెట్టి తూకాన్ని చేతిలోకి తీసుకున్నాడు. "పట్టుకుపో. నీ ఇంట్లో పెట్టుకుని నీ తిండి తూచుకో. కాస్త పనికొస్తుంది."

"దాన్ని ముట్టుకోకు!" అని అరిచింది సిగ్నె. ఆ గొంతుకు బోదిల్ సంచి బల్ల మీద వదిలేసింది. "పిన్నినేం అనకు. తప్పు రాసింది పిన్ని కాదు. నేను."

"తప్పు రాసింది నేనే, ఈ పాలు..."

"ఇవి కాదు. అమ్మవి."

తోర్కిల్ తూకాన్ని బల్ల మీద పెట్టేశాడు.

"అమ్మ మూడు చెంచాల సూపు తాగితే ఆరు రాశాను. పెరుగు ముట్టకపోతే సగం కప్పు అని రాశాను. ఆఖరి నెలంతా అంతే." ఆమె తూకం వైపే చూస్తూ మాట్లాడుతోంది. "డాక్టరు ఆ కాగితాలు నమ్మాడు. అమ్మ తింటోందనుకున్నాడు. నేను సరిగ్గా రాసుంటే ఏదో ఒకటి చేసేవాడు."

"ఎందుకే అలా రాశావు?" అన్నాడు తోర్కిల్.

"నువ్వు పాలు పితికి లోపలికి రాగానే మొదట ఆ కాగితం చూసేవాడివి. అమ్మను కాదు, కాగితం. తక్కువుంటే 'ఇంతేనా? ఇంట్లో ఉండి నువ్వేం చేస్తున్నావు?' అనేవాడివి. ఎక్కువుంటే నా తలమీద చెయ్యి పెట్టేవాడివి. రెండుసార్లు పెట్టావు." కళ్ళు తుడుచుకోలేదు. "అందుకే ఇప్పుడు ఒక్క రేకు కూడా తప్పు రాయను. ఎవరికీ అబద్ధం రాయను అనుకున్నాను. నువ్వు మళ్ళీ నాచేత రాయించావు."

బోదిల్ తడికోటుతోనే కుర్చీలో కూలబడింది.

"సిగ్నే, ఆ కాగితాలు డాక్టరు చూడలేదమ్మా."

"ప్రతి శుక్రవారం నువ్వు పట్టుకెళ్ళేదానివి కదా?"

"మా ఇంట్లో సొరుగులో పెట్టాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి." ఆమె గొంతు తగ్గింది. "అప్పటికే ఏ తిండీ ఒంటపట్టే స్థితి కాదు. ఆరు చెంచాలైనా మూడైనా ఒకటే. ఆ మాట మీ నాన్నకూ చెప్పాను, వినలేదు. నువ్వేమో రోజంతా ఆ గోడకానుకుని నిలబడేదానివి. చేతికేదైనా పని ఉంటే తట్టుకుంటావని ఇచ్చాను."

"ఊరికేనా? ఊరికే రాయించావా?"

"ఊరికే."

"నేను తప్పు రాస్తున్నానని తెలుసా నీకు?"

"కప్పులు కడిగింది నేనే కదా."

సిగ్నె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బోదిల్ ఏడవడం మొదలుపెట్టింది. ముప్పై ఏళ్ళు చావుబతుకుల మధ్య పనిచేసిన ఆడది చిన్నపిల్లలా ఏడ్చింది.

తోర్కిల్ ఇన్నాళ్ళూ అన్నది నిజమేనని తేలింది. తూకం తెచ్చింది ఆమే. పనికిరాని రాతకోతలు పిల్లకు అంటగట్టింది ఆమే. ఆమె నోటితోనే ఒప్పుకుంది. ఆ మాట అనడానికే నోరు తెరిచాడు. ఎదురుగా కూతురు నిలబడి ఉంది. ఉన్ని చొక్కా మెడ దగ్గర, ఎముక వెనక, గుంట పడి ఉంది. అది నిండకపోవడానికి కారణం వెతికితే దాణా పెట్టినవాణ్ణే అడగాలి. ముప్పై ఏళ్ళుగా అతనికి తెలిసింది అదే.

"ఇంట్లో ఉండి ఏం చేస్తున్నావని నిన్ను అన్నాను" అన్నాడు.

"గుర్తుందా నీకు?"

"లేదు. కానీ అన్నాను. అనే ఉంటాను."

లేచి వెళ్ళి ఆమె తలమీద చెయ్యి పెట్టబోయాడు. సిగ్నె తల పక్కకు తీసుకుంది.

"ఇప్పుడు కాగితం మీద ఏముందని?"

చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు. కుర్చీ వీపు మీద ఆనించాడు.

సిగ్నె మళ్ళీ కూర్చుంది. ఫోను తెరిచింది. "పాలలో వెన్న ఎంత?"

"వద్దమ్మా, ఇవాళ్టికి వదిలెయ్" అంది బోదిల్.

"నాకు తెలియాలి."

తోర్కిల్ గోడకు తగిలించిన పాల పరీక్ష కాగితం తెచ్చాడు. అంకె చదివి చెప్పాడు. ఏ రోజు ఎంత పోశాడో, ఏ రోజు డబ్బా సగమే మార్చాడో గుర్తు చేసుకుని ఒక్కొక్కటే చెప్పాడు. సిగ్నె పద్దెనిమిది రోజులూ దిద్దింది. అది ఆమెకు మందు కాదని, జబ్బును ఇంకా లోతుకు దించడమేనని అతనికి తెలుసు. కానీ ఆ పిల్లకు ఇవ్వడానికి ఆ పొద్దున అతని దగ్గర ఇంకే నిజమూ లేదు. బోదిల్ రొట్టెలు కోసి వెన్న రాసింది. ఎవరూ ముట్టలేదు.

దిద్దడం అయ్యాక సిగ్నె నానిపోయిన ఓట్స్ గిన్నె దగ్గరకు లాక్కుంది. మీగడ ముద్దను తీసి పారేస్తుందనుకున్నాడు. చెంచాతో కలిపేసింది. తినడం మొదలుపెట్టింది. తోర్కిల్ కిటికీ వైపు తిరిగాడు. లెక్కపెట్టకూడదని గట్టిగా అనుకున్నాడు. చెంచా గిన్నెకు తగిలే చప్పుడు వినపడుతూనే ఉంది.

ఏడు చెంచాలు.

వెనక్కి తిరిగి చూస్తే కూతురు చెంచా పట్టుకుని ఏడుస్తోంది. అతను పక్కన కూర్చున్నాడు. ఈసారి చెయ్యి వెయ్యలేదు. కాసేపటికి ఆమే అతని భుజానికి తల ఆనించింది. ఆ తల బరువు ఏమీ లేదు. అప్పుడే పుట్టిన దూడ తల కూడా ఇంతకన్నా బరువుంటుంది. అతను కదలకుండా కూర్చున్నాడు.

జనవరిలో ఆసుపత్రి నుంచి పిలుపొచ్చింది. ఇది ఎక్కడ మొదలైందని అక్కడి డాక్టరమ్మ అడిగింది. సిగ్నె చెప్పింది, కాగితాల దగ్గర్నుంచి. తోర్కిల్ టోపీ ఒళ్ళో పెట్టుకుని విన్నాడు. మీరేమైనా చెబుతారా అని డాక్టరమ్మ అతన్ని అడిగింది.

"చెప్పాల్సింది నా కూతురికి చెప్పాను. ఒకసారే" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు కారులో, వెంట వచ్చిన బోదిల్ అడిగింది. "బావా, పిల్లను అలా అన్నది నీకు నిజంగా గుర్తులేదా? కనీసం నాతోనైనా..."

"నీ తూకం సంగతి నేనెత్తను. నువ్వు ఇది ఎత్తకు."

వెనక సీట్లో సిగ్నె నిద్రపోతోంది. తోర్కిల్ కారు వేగం తగ్గించాడు. తాను అన్నానన్న ఆ మాట అతను మళ్ళీ ఎవరితోనూ అనలేదు. ఇక అనడు.