ఇంటికి ఒకటే పూస

పొద్దున పదిన్నరకు చీరాల రాయితీ కార్యాలయంలో కాశింబి, నీలవేణి పక్కపక్కనే కూర్చుని, ఒకరినొకరు పిలుచుకోకుండా ఉండడానికి నానా అవస్థ పడుతున్నారు. పిలిస్తే నోట ‘వదినా’ అనే వస్తుంది. కొంప ముంచింది ఆ మాటే.

చెవి వెనక అతికించుకునే పలుకుపూస వచ్చాక ఫోను చేత్తో పట్టుకుని తిరిగేవాళ్ళు లేరు. పని కబురైనా, ఆసుపత్రి కబురైనా పూసలోకే వస్తుంది. పేదలకు ప్రభుత్వం పావు ధరకే ఇస్తుంది, కానీ ఇంటికి ఒకటే. ఎవరిది ఏ ఇల్లో తేల్చడానికి ఇప్పుడు కాగితాలు అడగరు. చుట్టరికమాపకం అనే యంత్రం నెల రోజులు మాటలు విని తేలుస్తుంది. వినేది యంత్రమేలే అని జనమూ ఊరుకున్నారు. ఒకే గోడకు అటూ ఇటూ కాపురముంటున్న ఈ ఇద్దరూ రోజుకు యాభైసార్లు వదినా అనుకోవడం విని, అది రెండు కొంపల్నీ ఒకటి చేసేసింది. నిన్న సాయంత్రం నీలవేణి పూస మూగబోయింది.

ఆమె భయమంతా అదే. కంటిపొర మసకబారి మగ్గం దిగి రెండేళ్ళయింది. దాత పొర దొరికితే ఆసుపత్రి ఒక్కసారే పిలుస్తుంది. పలక్కపోతే వంతు వెనకవాళ్ళకు పోతుంది.

“చంటిపిల్లకున్న తెలివి కూడా లేదండీ మీ యంత్రానికి. వరసపెట్టి పిలిస్తే చుట్టాలైపోతారా?” అంది కాశింబి.

గుమాస్తా ఫణీంద్ర ఓపికగా విన్నాడు. “అందుకే కదమ్మా రమ్మంది. ఈ తెరమీద చెయ్యి పెట్టి, ‘ఈమె నాకేమీ కాదు’ అని ఒక్కసారి చెప్పండి. సాయంత్రానికి ఆవిడ పూస పలుకుతుంది.”

“అంత మాట అనాలా?”

“అనెయ్ వది...” నీలవేణి నాలిక కరుచుకుంది. “అనేయండి, కాశింబి గారూ.”

ఆ ‘గారూ’ వినేసరికి కాశింబికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. చెయ్యి తెరమీద పెట్టింది.

“ఈమె నాకు...”

అప్పుడే ఆమె పూస మోగింది.

“కంటి ఆసుపత్రి నుంచండీ. నీలవేణి గారి పూస పలకడం లేదు. ఒకే ఇల్లని నమోదై ఉంటే మీకు చేశాం. కబురు ఇంటివాళ్ళకే చెప్పాలి. ఆవిడకు మీరేమవుతారు?”

చెయ్యి ఇంకా తెరమీదే ఉంది. యంత్రం వింటోంది. ఫణీంద్ర కానివ్వమన్నట్టు చూస్తున్నాడు.

“వదినని,” అంది కాశింబి.

పొర వచ్చింది, నీలవేణిని రెండు గంటల్లో తీసుకురమ్మన్నారు. ఆ మాట చెప్పగానే నీలవేణి ఆమె భుజం మీద తల వాల్చి, రెండేళ్ళ దిగులంతా తీరేలా ఏడ్చింది.

తెరమీద అక్షరాలు వెలిగాయి: చుట్టరికం రుజువైంది. దరఖాస్తు కొట్టివేశాం.

“ఇక రెండో పూస రాదమ్మా,” అన్నాడు ఫణీంద్ర మెల్లగా.

“రాకపోతే మానె.” కాశింబి తన పూస ఊడదీసి నీలవేణి చెవి వెనక అతికించింది. “ముందు ఆటో పిలువు వదినా. మన పూసేగా.”