సారయ్య వేసిన తాళం

నైట్ షిఫ్టు దిగే సైరన్ మోగి అరగంటైంది. బొగ్గుబావి నుంచి ఇంటికి వచ్చిన సారయ్య కాళ్లు కూడా కడుక్కోకుండా వెనక అర్ర దగ్గరికి వెళ్లి తాళం గుంజి చూశాడు. గట్టిగానే ఉంది. లోపల కొడుకు కొండల్ ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతున్న అడుగుల చప్పుడు వినిపిస్తోంది. నిన్న పొద్దుటి నుంచీ అదే చప్పుడు.

కోడలు సక్కుబాయి పొయ్యి ముందు నుంచి లేచి వచ్చింది. నిద్ర లేక ఆమె కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"మామా, తాళంచెవి ఇయ్యి. నాలుగుసార్లు కక్కుకున్నడు. కాళ్లు గుంజుతున్నయంటుండు. కిటికీల నుంచి నీళ్లిస్తే అవి గూడ కడుపుల నిలుస్తలేవు."

"నిలువయి. ఒంట్ల నల్లమందు దిగుతాంది. దిగనీ."

"ఏమన్న అయితే?"

"ఏం గాదు. పహిల్వాన్ పానం అది."

కొండల్ నిజంగానే పహిల్వాన్. మంచిర్యాల నుంచి ఆసిఫాబాద్ దాకా ఎక్కడ కుస్తీలు పెట్టినా, బెల్లంపల్లి కొండల్ దిగుతున్నాడంటే జనం చుట్టుపక్కల ఊళ్ల నుంచి నడిచి వచ్చేవారు. ఇప్పుడు ఇరవై ఏడేళ్లకే దవడలు లోపలికి పోయాయి. నాలుగేళ్ల కిందట కుస్తీలో భుజం కీలు తప్పింది. నొప్పికి మొదలుపెట్టిన నల్లమందు, నొప్పి తగ్గాక కూడా అతన్ని విడవలేదు. రెండేళ్ల కిందట, యాభైతొమ్మిదిలో, సర్కారు నల్లమందు దుకాణాలు మూసేసింది. అప్పటి నుంచి దొంగచాటుగా కొంటున్నాడు. తాలీంలో కుస్తీ నేర్పే పని పోయింది. గెలిచిన వెండి కడియాలు పోయాయి. మొన్న సక్కుబాయి మెడలోని బంగారు గుండ్లు కూడా కనపడకపోయేసరికి సారయ్య బజారుకు వెళ్లి తాళం తెచ్చాడు.

"ఇంకో మాట గూడ విను," అన్నాడు సారయ్య, కూర్చోకుండా వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ. "నల్లమందు కేసులు వట్టే ఆబ్కారి జమేదార్‌కు నిన్ననే చెప్పొచ్చిన. ఎనిమిది గొట్టంగ వస్తడు. వాని అంగి జేబుల దొరికిన పొట్లం నా దగ్గరనే ఉన్నది. ఆర్నెల్లు జైల్ల ఉంటే మనిషైతడు."

సక్కుబాయి అతని వెంటే నడుస్తూ అడిగింది. "కన్నకొడుకును నువ్వే పట్టిస్తవా మామా?"

"ఇంకేం జెయ్యమంటవ్? బావి కాడ ఎవడన్న మీ కొండల్ ఎట్లున్నడని అడిగితే తల వంచుకోవట్టి రెండేండ్లాయె."

"దవాఖాన డాక్టర్ ఏమన్నడో నీకు చెప్పిన గదా. ఇది బీమారి అన్నడు. దవాఖానల వెట్టుకొని, రోజింత తగ్గించుకుంట వస్తే రెండు నెలలు పడ్తదన్నడు. ఒక్కసారే బంద్ వెడితే శానా తిప్పలైతదన్నడు."

"దొంగతనం జేసినోన్ని మంచంల పండవెట్టి సేవ జేసుడా?"

నల్లా దగ్గరి నుంచి నీళ్లు తెచ్చిన నాగవ్వ గడపలో ఆగింది. సారయ్య భార్య ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. బిందె దించి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"జమేదార్ వస్తే ఇద్దర్ని తీస్కపొమ్మని చెప్త," అంది.

"ఇద్దరెవరే?"

"వాన్ని, నిన్ను."

సారయ్య నడక ఆగిపోయింది.

"జమ్మికుంటల భుజం తప్పి వచ్చిననాడు నెల రోజులు పండుకుంటనన్నడు వాడు. నువ్వు పండనియ్యలే. ఎనిమిది రోజులల్ల చెన్నూరు కుస్తీ ఉన్నది, మాటిచ్చిన, ఇజ్జత్ పోతదన్నవ్. దుకాణం పోయి నల్లమందు గోలి తెచ్చి నీ చేతులతోనే వాని నాలుక మీద వెట్టినవ్. వాడు గెలిచిండు. నువ్వు వారం దినాలు ఊరంత చెప్పుకున్నవ్. యాదికున్నదా?"

"గప్పుడది నేరం గాకుండె," అన్నాడు సారయ్య. "సర్కారోల్లే అమ్మిన్రు. అందరు కొన్నరు."

"గప్పుడు గాదు, గిప్పుడు నేరం. వాని పానానికి గా ఫరక్ తెలుస్తదా?"

అర్రలో అడుగుల చప్పుడు ఆగింది. ఇంటి ముందు సైకిల్ దిగి జమేదార్ హనుమంతు లోపలికి వచ్చాడు.

సారయ్య వెనక అర్ర దగ్గరికి వెళ్లాడు. నడుముకు కట్టుకున్న తాళంచెవి తీశాడు. తాళంలో తిప్పి గొళ్లెం లాగాడు. తలుపు తెరుచుకోగానే కొండల్ గొంగడి కప్పుకొని, వంగిపోయి బయటికి వచ్చాడు. ముక్కూ కళ్లూ కారుతున్నాయి. తండ్రిని దాటి నేరుగా జమేదార్ ముందుకు వెళ్లాడు.

"నన్ను తీస్కపో సార్. ఇంట్లుంటే మల్ల దొంగతనం జేస్త. నా మీద నాకే నమ్మకం లేదు."

సక్కుబాయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"పొట్లం దొరికిందంటివి, ఏదీ?" అడిగాడు హనుమంతు.

సారయ్య పొట్లం తీసి అతని చేతిలో పెట్టాడు. కొడుక్కీ జమేదారుకూ మధ్యకు వచ్చి నిలబడ్డాడు.

"వీనికి ఇది మొదలు వెట్టింది నేను సార్. రాసుకుంటే నా పేరు రాసుకో. వాడు బీమారోడు. దవాఖానకు తీస్కపోవాలె."

"నిన్న నువ్వే వచ్చి జైల్ల ఎయ్యమంటివి."

"అన్న. తప్పు మాట్లాడిన."

హనుమంతు కొండల్ వైపు చూశాడు. నిలబడలేక అతను గోడకు ఆనుకున్నాడు. జమేదార్ పొట్లాన్ని జేబులో వేసుకున్నాడు.

"పొండ్రి. దవాఖానల వీని పేరున్నదో లేదో రేపు పోయి చూస్త. మల్ల దొరికితే మాత్రం నేను ఊకోను."

దవాఖాన మైలు దూరం. సక్కుబాయి ముందు నడిచింది, నాగవ్వ దుప్పటి పట్టుకొని వెనక వచ్చింది. కొండల్ ప్రతి పదడుగులకూ కడుపు పట్టుకొని ఆగిపోతున్నాడు. సారయ్య ఒక చేయి నడుం చుట్టూ వేసి, రెండో చేత్తో రెక్క పట్టుకొని నడిపిస్తున్నాడు. రెక్క అతని పిడికిట్లో పట్టేంత సన్నబడింది. ఇన్నాళ్లూ ఒకే ఇంట్లో ఉండి కూడా ఆ సంగతి అతనికి తెలియలేదు.

"బాపు," అన్నాడు కొండల్, పళ్లు కొట్టుకుంటుంటే. "దవాఖానల మందిప్పిచ్చినా మల్ల నల్లమందు తింటనేమో."

"తింటే మల్ల తోల్కపోత."

"మల్ల తింటే?"

"మల్ల తోల్కపోత బిడ్డా. నువ్వు నడువు."

సారయ్య చెంపల మీద బొగ్గుమసి చారలు కట్టి కారుతోంది. తుడుచుకుందామంటే చేతులు ఖాళీగా లేవు.