కోడంబాక్కంలో మైనస్ నలభై

చెన్నైలో, మే నెల మిట్టమధ్యాహ్నం, ఒక ఎలుగుబంటి ఉడికి చచ్చిపోయింది.

ఎలుగుబంటి పేరు మోహన్‌రాజ్. ఒకప్పటి హీరో. ఇప్పుడు పిల్లల సినిమాలో ఎలుగుబంటి వేషం. వేషానికి తగ్గ మనిషేనని స్టూడియోలో చాటుగా అనుకునేవాళ్ళు.

ఆ రోజు ఎండ సంగతి చెబితే నమ్మరు. కోడంబాక్కం స్టేషన్‌లో పట్టా మీద వాలిన కాకికి కాళ్ళు అంటుకుపోయాయట. తాంబరం లోకల్ వచ్చి, హారన్ కొట్టి, కాకి కోసం కాసేపు ఆగి, ఇక లాభం లేదని వెనక్కి పోయిందట. కాకి మాట నమ్మితే నమ్మండి, మానితే మానండి. ఎలుగుబంటి మాట మాత్రం పచ్చి నిజం. పంచనామా ఉంది.

శుక్రవారం. సాయంత్రం మూడున్నర.

స్టూడియో వెనక వేపచెట్ల దగ్గర ఆగి ఉన్న, ఆయన విశ్రాంతి తీసుకునే మోటార్‌హోమ్ తలుపు తీశాడు డ్రైవర్ మునిస్వామి. డైరెక్టర్ షాట్ ముందుకు జరిపాడు. అయ్యగారిని లేపాలి.

లోపలి నుంచి ఇటుక బట్టీలాంటి గాలి మొహాన కొట్టింది.

మోహన్‌రాజ్ తలుపుకు ఆనుకునే పడి ఉన్నాడు. మెడ దాకా రబ్బరు, బొచ్చు. జిప్పు వీపు మీద. తనంతట తాను విప్పుకోలేడు. చేతులకు పంజాలు. తలుపు లోపలి వైపు నిండా పంజా గీతలు.

నాలుగున్నరకు ఇన్‌స్పెక్టర్ అలమేలు వచ్చింది.

అలమేలు చెన్నైలోనే, చూలై పేటలో పుట్టిన తెలుగు మనిషి. ఆమె విచారణ మొదలుపెడితే ముద్దాయి కంటే ముందు సాక్షులు ఏడుస్తారని పేరు. శవాన్ని ఒకసారి చూసింది. పంజా గీతల్ని రెండుసార్లు చూసింది.

"నవ్వులాట సినిమానా?" అంది.

"ఆమా మేడమ్. కామెడీ" అన్నాడు ఎస్సై విఘ్నేష్. కుర్రవాడు. ఇంజనీరింగ్ చదివి పోలీసులో చేరాడు. "కేసు అయిపోయింది మేడమ్. ఇటు చూడండి."

డ్రైవర్ సీటు ముందు చిన్న తెర. దాని మీద ఒక అంకె.

బయట: మైనస్ 40.

"చెన్నైలోనా?"

"అదే మేడమ్ తమాషా. ఈ బండి చలిదేశంలో చేసింది. ఏసీతో పాటు హీటర్ కూడా ఉండాది. ముందు బంపర్ కింద వేలెడు సెన్సార్ ఉంటాది. బయట ఎంత వేడో అదే బండికి చెప్పాలి. అది చెడిపోతే బండి మైనస్ నలభై అనుకుంటాది. ఏసీ ఆపేసి హీటర్ వేస్తాది."

"లోపలాయనకు చలేస్తుందని?"

"ఆమా మేడమ్."

"ఎంత మర్యాదైన బండబ్బా" అంది అలమేలు. "చంపేటప్పుడు కూడా దుప్పటి కప్పింది."

విఘ్నేష్ నవ్వలేదు. వేలు చూపించాడు. నేల మీద ఒక మనిషి. ఖాకీ చొక్కా. పెదవి చిట్లి గడ్డం మీదికి నెత్తురు కారుతోంది.

"జెబరాజ్. చూలైలో మెకానిక్. పోయిన వారమే ఈ సెన్సార్ పోయింది. మంగళవారం కొత్తది వేసినానని చెప్పినాడు. అబద్ధం. బంపర్ కింద ఉన్నది నేనే ఊడబీకి చూసినా. పాతదే. క్లిప్ విరిగుంది. పాతదాన్నే తుడిచి పెట్టి ఏమార్చినాడు. ఒక ప్రాణం పోయింది. షెడ్డుకు సీలు వేసేసినాం."

జెబరాజ్ తలెత్తాడు. "నా బిడ్డ చూస్తుండగా చొక్కా పట్టి ఈడ్చుకొచ్చినారు మేడమ్. కొత్తదే వేసినా. కర్తరు యేసయ్య సాక్షి."

"సాక్షిని ఇప్పుడే పిలవొద్దులే. పాతది ఏం చేసినావు?"

"డ్రైవరన్న చేతికిచ్చినా. మా చూలైలో అంతే మేడమ్. ఊడదీసిన పార్టు ఓనర్ చేతిలో పెట్టకపోతే, మార్చనే లేదంటారు."

"మునిస్వామీ?"

మునిస్వామి నుదుటి నిండా విభూతి. "ఇచ్చినాడు మేడమ్. సీటు పక్క డబ్బాలో వేసినా."

డబ్బా తెరిచారు. ఖాళీ.

"డబ్బాకు తాళముందా?"

"లేదు మేడమ్. ఎవురైనా తీయొచ్చు."

"ఇద్దరూ కూడబలుక్కున్నారు మేడమ్" అన్నాడు విఘ్నేష్.

"ఉండబ్బా. మునిస్వామీ, మధ్యాహ్నం ఏం జరిగింది? వరసగా చెప్పు."

"ఒకటిన్నరకు అయ్యగారు అన్నం తిన్నారు. రెండు పెగ్గులు తాగి పడుకున్నారు. ఇంజిన్ ఆపకుండా ఏసీ వేసి, బయట గొళ్ళెం పెట్టి, అన్నానికి పోయినా."

"అప్పుడు లోపల ఎట్లుంది?"

"ఐసుపెట్టె మాదిరి."

"బయట గొళ్ళెం ఎందుకు?"

"జనం తలుపు తీసి సెల్ఫీ అంటారని. అయ్యగారే పెట్టించినారు."

"లోపల గడియ లేదా?"

"ఉండాది మేడమ్."

"జనం రాకుండా అది చాలదా?"

మునిస్వామి నేల చూశాడు.

"ఆయన తలుపు గుద్దితే వినపడలేదా?"

"పక్కనే జనరేటర్ మేడమ్. దేవుడు పిలిచినా వినపడదు."

"నువ్వు తినేది యాడ?"

"ఆ చెట్టు కింద. బండి కనపడతానే ఉంటాది."

"బండి దగ్గరికి ఎవరొచ్చినారు?"

"ఎవురూ రాలేదు మేడమ్."

అలమేలు బండి చుట్టూ నడిచింది. తలుపు కింద ఇనుప మెట్టు. మెట్టు మీద పసుపు పూసి, వరసగా కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. చెదరకుండా, అచ్చం ఇంటి గడపలా.

అవతల నీడలో, ప్లాస్టిక్ కుర్చీలో రాజశ్రీ. మోహన్‌రాజ్ భార్య. ఆమె కూడా ఒకప్పుడు నటే. పెళ్ళి తర్వాత మొగుడు మానిపించాడు. ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు. దాని మీద రెండు చేతులు.

"ఈ బొట్లు మీరేనా అమ్మా?"

"నేనేనండి. ప్రతి శుక్రవారం. ఇల్లయినా బండయినా గడప గడపే కదా."

"ఇంక పెట్టే పని లేదులెండి" అంది అలమేలు.

చుట్టూ ఉన్నవాళ్ళు ఉలిక్కిపడ్డారు. రాజశ్రీ మాత్రం అవునన్నట్టు తలాడించింది.

అలమేలు ప్లాస్టిక్ కవర్‌లో ఉన్న సెన్సార్ అడిగి తీసుకుంది. నల్లటి గింజ, రెండు పిన్నులు, విరిగిన క్లిప్. గింజ మీద పసుప్పచ్చగా ఏదో అంటుకుంది. మధ్యలో ఎర్రగా.

"ఏంది ఇది?"

"మురికి మేడమ్. గ్రీజు, మట్టి. రిపోర్టులో రాసినా."

అలమేలు కవర్ తెరిచి వాసన చూసింది. మళ్ళీ మూసింది.

"మునిస్వామీ, బండి ఎప్పుడు కడిగినావు?"

"ఈ పొద్దునే మేడమ్. ప్రెజర్ పైపుతో. బంపర్ కింద కూడా."

"విఘ్నేషూ. ఇది ఏడ ఉన్నిందో ఆడనే మళ్ళీ తగిలించు. ఎవురికీ చెప్పొద్దు."

"మేడమ్, ఎవిడెన్స్..."

"నీ రిపోర్టులో అది మురికే గదా. పో."

ఐదింటికి శవాన్ని తీసుకుపోయారు. అలమేలు అందరినీ పిలిచింది.

"బయట మాట్లాడుకుంటే మనం కూడా పోతాం. లోపల ఏసీ ఉండాది. రండి."

విఘ్నేష్, మునిస్వామి, జెబరాజ్, రాజశ్రీ ఎక్కారు. చివర అలమేలు. బయట కానిస్టేబుల్ గొళ్ళెం పెట్టాడు. మునిస్వామి ఇంజిన్ స్టార్ట్ చేసి, ఏసీ మీట నొక్కాడు.

గాలి వచ్చింది. వేడిగా.

"మేడమ్, హీటర్!" అన్నాడు మునిస్వామి.

"ఉండనీ."

రెండు నిమిషాల్లో విఘ్నేష్ చొక్కా ఒంటికి అతుక్కుంది. ఇంకో రెండు నిమిషాల్లో అతనికి ఇంజనీరింగ్ మరుపుకొచ్చింది. జెబరాజ్ జపం మొదలుపెట్టాడు. మునిస్వామి లేచి తలుపు గుద్దాడు. తర్వాత విఘ్నేష్ కూడా గుద్దాడు. జనరేటర్ మోతలో అది ఎవరికీ వినపడలేదు.

అలమేలు కదల్లేదు. చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోలేదు. ఆమె చూపు ఒక్క మనిషి మీదే ఉంది.

రాజశ్రీ అరవలేదు. తలుపు దగ్గరికి పోలేదు. లేచి, సింకు దగ్గర కొంగు తడుపుకుంది. సోఫా వదిలి నేల మీద కూర్చుంది. వీపు ఫ్రిజ్‌కు ఆనించి, తడి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, నెమ్మదిగా, లెక్కగా ఊపిరి తీసుకుంటోంది. బస్సు కోసం స్టాపులో కూర్చున్నట్టు కూర్చుంది.

అలమేలు కిటికీ అద్దంలోంచి కనపడేట్టు లాఠీ ఊపింది. కానిస్టేబుల్ గొళ్ళెం తీశాడు. అందరూ ఒకరి మీద ఒకరు పడుతూ కిందికి దూకారు. రాజశ్రీ అందరికంటే చివర దిగింది. పసుపు పూసిన మెట్టును తొక్కకుండా దాటింది.

"బాగా అలవాటైనట్టుందే అమ్మా" అంది అలమేలు.

రాజశ్రీ తడి కొంగు పిండుకుంది.

"మునిస్వామీ. ఈ గొళ్ళెం ఎవురి కోసం?"

మునిస్వామి భోరుమన్నాడు. "అమ్మగారి కోసం మేడమ్. కోపమొస్తే లోపల వేసి గొళ్ళెం పెడతారు. ఏసీ ఆపేసి. నీ పొగరు ఆవిరైపోనీ అంటారు. పోయిన వారం సెన్సార్ పోయి బండి కాలిపోతా ఉంటే, 'చెడిపోయిందో లేదో నువ్వు కూర్చొని చూడు' అని అమ్మగారిని ఎక్కించి షాట్‌కు పోయినారు. యూనిట్టంతా నవ్వింది. నేను కూడా... నవ్వినా మేడమ్."

"తలుపు ఎవురు తీసినారు?"

"జెబరాజ్. బండి చూసేదానికి అప్పుడే వచ్చినాడు. తీసి, నీళ్ళు తాగించినాడు."

అలమేలు సెన్సార్ ఊడదీయించి అరచేతిలో పెట్టుకుంది.

"ఈ బండి పొద్దున స్నానం చేసింది. ఒంటి మీద మురికి లేదు. కానీ ఈ గింజకు పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టినారు. చలిదేశంలో పెట్టరు. జెబరాజ్ సిలువ వేసుకునేవాడు, వాడు పెట్టడు. మునిస్వామి విభూతి మనిషి. స్టీరింగ్‌కు కూడా విభూతే. ఇది గడపకు పెట్టే చెయ్యి. ఆ మెట్టు మీద ఉన్న చెయ్యే."

అలమేలు డ్రైవర్ వైపు తిరిగింది.

"మునిస్వామీ, బండి దగ్గరికి ఎవురూ రాలేదన్నావే?"

"ఎవురూ రాలేదు మేడమ్. అమ్మగారే, మెట్టుకు పెట్టి, ముందుకెళ్ళి బంపర్ దగ్గర వంగి పూజ చేసుకున్నారు."

"మరి ఎవురూ రాలేదంటివి?"

మునిస్వామి అర్థం కానట్టు చూశాడు. "అమ్మగారు ఎవురో ఎట్లవుతారు మేడమ్?"

"విన్నావా విఘ్నేషూ? ఈమెను ఉడకబెట్టినప్పుడు ఎవురూ చూడలే. ఈమె ఉడకబెట్టినప్పుడు కూడా ఎవురూ చూడలే." అలమేలు రాజశ్రీ వైపు తిరిగింది. "ఎవరైనా అడిగితే పూజ అని చూపించేదానికి పసుపు చేత్తో పోయినారు. మంచిది ఊడబీకి, డబ్బాలోంచి తీసుకున్న చెడ్డది తగిలించినారు. అంతటితో లేచి రావాల. చెయ్యి ఊరుకోలే. కొత్తగా ఏది బిగించినా బొట్టు పెట్టే చెయ్యి గదా. మొగుడి ప్రాణం తీసే గింజకు కూడా పసుపు కుంకుమ పెట్టింది. ఏ పసుపు కుంకుమ తీసేసుకోబోతున్నారో దాన్నే. బ్యాగు తెరవండమ్మా."

రాజశ్రీ తెరిచింది. వెండి కుంకుమ భరిణె. మూత తీసింది. కుంకుమలో సగం మునిగి, కొత్త సెన్సార్.

"మళ్ళీ పెట్టేద్దామనుకున్నా" అంది రాజశ్రీ. గొంతు మామూలుగానే ఉంది. "ఆయన పోయాక, ఎవరూ రాకముందే. తాగి ఉన్నాడు, వేషం బరువు, గుండె ఆగిందనుకునేవాళ్ళు. మునిస్వామి ముందే తలుపు తీసేశాడు."

"జెబరాజ్ పెదవి పగలగొడతా ఉంటే మీరు ఆ కుర్చీలోనే ఉండారు."

"ఉన్నాను."

"ఆ రోజు మీకు తలుపు తీసింది వీడొక్కడే. వీణ్ణే లోపల వేయించబోయినారు. నోరు రాలేదా?"

రాజశ్రీ జెబరాజ్‌ను చూసింది.

"మూడున్నర నుంచి నన్ను ఎవరూ కేకేసి పిలవలేదండి. ఎవరూ తిట్టలేదు. నీడలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. లేవబుద్ధి కాలేదు."

అలమేలు ముందుకు వచ్చింది. భరిణెలోని సెన్సార్ తీసి, తుడిచి, జెబరాజ్‌కు ఇచ్చింది.

"పెట్టి చూపించు. అందరూ చూస్తారు."

జెబరాజ్ బంపర్ కిందికి దూరాడు. టిక్కుమంది. లోపల తెర మీద మైనస్ నలభై పోయింది. అంకె ఎక్కి, ఎక్కి, నలభై ఒకటి దగ్గర ఆగింది. తెరిచి ఉన్న తలుపులోంచి చల్లగాలి బయటికి వచ్చి, మెట్టు పక్కన నిలబడ్డ రాజశ్రీ చెంపను తాకింది. ఆమె కళ్ళు మూసుకుంది.

జెబరాజ్ చేతులు దులుపుకుంటూ లేచాడు. చూలై అలవాటు ఎక్కడికి పోతుంది? పాత సెన్సార్ అలమేలు దగ్గర తీసుకుని, ముందుకు చాపాడు.

"పాతది. ఓనర్ ఎవురు?" అన్నాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

మోహన్‌రాజ్ పోయాక బండికి ఓనర్ ఒక్కరే.

రాజశ్రీ రెండు చేతులూ చాపింది, గుళ్ళో తీర్థానికి చాపినట్టు. వేళ్ళ సందుల్లో పసుపు ఇంకా ఉంది.

అలమేలు మధ్యలోకి వచ్చి, ఆ చేతులకు సంకెళ్ళు వేసింది.