రెండో మనిషి అనుమతి

నేను ప్రోగ్రాములు రాయడం ఎక్కడా నేర్చుకోలేదు. ఇతరులు రాసింది చూసి, పనిచేసేదాకా అటూ ఇటూ కదిపి, పనిచేశాక ఎందుకు పనిచేసిందో అడక్కుండా ఊరుకోవడం... అదే నా చదువు. అయినా ఒక ఆసుపత్రి నన్ను నమ్మింది. నేలమాళిగలో కిటికీ లేని గది, రెండు బల్లలు, రెండు కంప్యూటర్లు ఇచ్చి, రోగుల వివరాలుండే వెబ్‌సైటు నా చేతిలో పెట్టింది. అంతకన్నా భయంకరమైన సంగతి ఈ కథలో ఇంకొకటే ఉంది.

రెండో బల్ల నిదానం గారిది. ఆయన అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఎక్కడా కనపడేది కాదు. రోగుల పట్టికలో ఒక గడి చేర్చాలన్నా, తీసి ఇంకోచోట పెట్టాలన్నా దాన్ని మైగ్రేషన్ అంటాం. జనం కాపురముంటున్న ఇంట్లో గోడ పగలగొట్టి పక్కకి జరపడం లాంటిది. అందుకని ఆయనా నేనూ కలిసి ఒక కాపలా ప్రోగ్రాం రాశాం. అది ముందు పట్టికకి నకలు తీస్తుంది. తర్వాత ఎవరూ లోపలికి రాకుండా తలుపు వేస్తుంది. అప్పుడే మార్పు. ఏం చేయాలన్నా, చేసింది వెనక్కి తిప్పాలన్నా, రెండో మనిషి తన కంప్యూటర్ నుంచి అనుమతివ్వాలి.

"నీ మీద నాకు నమ్మకం లేదని కాదోయ్," అనేవారాయన. "నీ మీద నీకున్న నమ్మకం చూస్తేనే భయం."

ఆయన పోయి ఏడు నెలలైంది. ఆయన చోట్లో ఎవర్నీ వేయలేదు. నేను ఆయన ఖాతా తీసేయలేదు. ఈ కుర్చీలో కూర్చుని మార్పు రాసేవాణ్ణి, లేచి ఆ కుర్చీలో కూర్చుని ఆయన పేరుతో అనుమతి నొక్కేవాణ్ణి. ఒక్కోసారి "బాగా రాశావోయ్" అని నన్ను నేను మెచ్చుకునేవాణ్ణి కూడా. నకలు తీయడానికి ఇరవై నిమిషాలు పడుతోందని ఆ మెట్టు ఎత్తేశాను. దానికీ ఆయనే అనుమతిచ్చారు, పాపం.

ఆ ఆదివారం మధ్యాహ్నం, జనం తక్కువగా ఉంటారని, 'పడని మందులు' అన్న గడిని వేరే పట్టికలోకి జరపడం మొదలుపెట్టాను. సగంలో ఆగిపోయింది. తలుపు వేసినట్టే ఉంది. ఎవరి వివరాలు తెరిచినా తెల్ల పేజీ.

అప్పుడే బావ ఫోను.

"ఒరేయ్, మీ అక్కని మీ ఆసుపత్రికే తెచ్చాన్రా. మెట్ల మీంచి పడింది. లోపల రక్తం పోతోందట, వెంటనే ఆపరేషన్ అంటున్నారు. దానికేదో మత్తుమందు పడదు కదా, కిందటిసారి ఊపిరాగినంత పనైందే... ఏంట్రా అది?"

"గుర్తులేదు బావా."

"నాకూ లేదు. కంప్యూటర్లో ఉందట, రావట్లేదట. ఎవడో వెధవ ఆపేశాడట."

"ఆ వెధవని నేనే బావా."

అటునుంచి ఏడుపు. "పది నిమిషాలకి మించి ఆగలేమంటున్నార్రా..."

నకలుంటే అందులో చూసేవాణ్ణి. నకలు నేనే ఎత్తేశానుగా. మిగిలింది ఒకటే దారి. వెనక్కి తిప్పమన్నాను. రెండో మనిషి అనుమతి కావాలంది. ఒక్క ఉరుకులో ఆ కుర్చీలో పడ్డాను. నొక్కాను.

'అనుమతి నిరాకరించారు.'

వేలు జారిందనుకున్నాను. మళ్లీ నొక్కాను. నిరాకరించారు. మళ్లీ... నిరాకరించారు.

గదిలో యంత్రాల రొద సన్నగిల్లింది. తలనొప్పి మందు వాసన వచ్చింది. ఆయన నుదుటికి రాసుకునేది. చాలా దగ్గర్నుంచి... ఎవరో నా భుజం మీదుగా వంగి తెర చదువుతున్నట్టు. నేను తల తిప్పలేదు.

'కారణం' అన్న గడిలో అక్షరాలు పడుతున్నాయి. నా చేతులు రెండూ నా ఒళ్లో ఉన్నాయి.

'అది నా పేరు.'

"గురువుగారూ..." చేతులు జోడించాను. "తప్పయింది. పైన అక్క..."

కర్సర్ మెరుస్తోంది. ఇంకా ఆరు నిమిషాలే ఉంది.

"ఇంకెప్పుడూ మీ పేరు వాడను. మీరే ఇవ్వండి. కాళ్లు పట్టుకుంటాను."

అన్నాక, బల్ల కిందికి మాత్రం చూడకూడదని గట్టిగా అనుకున్నాను.

నాలుగు నిమిషాలు.

'నా పనికి నువ్విస్తావా?'

ఏ పనో అడగలేదు. నా చదువే అంత.

"ఇస్తాను," అన్నాను గుసగుసగా.

అనుమతి పడింది. తలుపు తెరుచుకుంది. అక్క పేజీ వచ్చింది. మందు పేరు ఫోన్లో బావకి అక్షరం అక్షరం చదివాను. రెండుసార్లు.

సాయంత్రం అక్క కళ్లు తెరిచింది. "ఏరా, ఏడ్చావా? అసలే అంతంతమాత్రం మొహం," అంది. నవ్వాను. తర్వాత కిందికొచ్చాను, ఆయన ఖాతా తీసేద్దామని.

ఆయన తెర మీద కొత్త మార్పు ఒకటి ఉంది. రాసినవారు: నిదానం. పని: రోగుల పట్టికలోంచి ఒక వరుస తొలగింపు. రెండో మనిషి అనుమతి: ఇచ్చారు. కింద నా పేరు.

ఆ పట్టికలో మనిషికో వరుస. మనిషి పోతేనే దాన్ని తీసేస్తాం.

రద్దు నొక్కాను. రెండో మనిషి అనుమతి కావాలంది. కరెంటు తీగ పీకేశాను. తెర ఆరలేదు.

ఎవరి వరుసో రాసే గడిలో అంకెలు ఒక్కొక్కటే పడుతున్నాయి, ఏ తొందరా లేకుండా. మా రోగుల నంబర్లకి ఐదంకెలు. అక్కా నేనూ ఒకే రోజు ఒకరి వెనక ఒకరం నమోదయ్యాం. చివరి అంకె ఒక్కటే తేడా.

ఒకటి... రెండు... మూడు... నాలుగు. నాలుగూ మావే.

ఐదో అంకె దగ్గర ఆగింది. కర్సర్ మెరుస్తోంది.

బల్ల మీద కీబోర్డు దానంతటదే, మెల్లగా, నా వైపుకి జరిగింది.