ముప్పై ఏడో కుండీ

"డాక్టర్ లోవలక్ష్మిగారు లిల్లీ మొక్కల వేళ్లలో పెరిగే మేలైన బూజు ఒకటి కనిపెట్టారు. అది అంటుకుంటే దుంప రెట్టింపు లావెక్కుతుంది. ఒక విదేశీ ముఠా దాన్ని ఎత్తుకుపోయి, ఇక్కడున్నదాన్ని చంపేయాలని చూస్తోంది. నువ్వు ఆపాలి."

1998లో ఢిల్లీలో చీఫ్ ఇచ్చిన బ్రీఫింగ్ అంతే. ఏజెంట్ జీవరాజు మారువేషంలో కడియం దిగి, లోవలక్ష్మిగారి నర్సరీలో ఏసురాజు అనే తోటమాలిగా చేరాడు.

ఆ బూజు సీసాల్లో పెరగదు. దానికి బతికున్న వేరు కావాలి. మొక్కజొన్న వేళ్లలోనూ అది తేలిగ్గా పెరుగుతుంది కాబట్టి నలభై కుండీల్లో మొక్కజొన్న నాటారు. మిగతా బూజంతటికీ మూలమైన అసలు మదర్ కల్చర్ మాత్రం ముప్పై ఏడో కుండీలోనే ఉంది. ఆ సంగతి డాక్టరుగారికీ అతనికీ తప్ప ఎవరికీ తెలియదు.

పదకొండు నెలలు గడిచాయి. అతను షెడ్డు వెనక ఒక్కడే కూర్చుని క్యారేజీ తినేవాడు. తన గురించి చెప్పుకోవడానికి అబద్ధాలు తప్ప ఏమీ లేవు కాబట్టి ఎవరితోనూ మాట కలిపేవాడు కాదు.

గురువారాలు మాత్రం హెలెన్ వచ్చేది. పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, పూల ఎగుమతి వ్యాపారం. నిజానికి ముఠాలో ఉంటూ వాళ్ల కబుర్లు డిపార్ట్‌మెంటుకు అందించే మనిషి.

"ఆదివారం చర్చిలో కనపడలేదేంటండి?" అని అడిగేది.

"జ్వరమండి" అనేవాడు. తర్వాత బుధవారం నుంచే గేటు వైపు చూసేవాడు.

ఆ గురువారం ఉదయం ఆఫీసు ఫోన్ మోగింది. చీఫ్ గొంతు. "వాన పట్టిసీమ దాటింది." కోడ్ అది. హెలెన్ ముఠాకే అమ్ముడుపోయిందని అర్థం.

అతను కుండీల దగ్గరకు పరుగెత్తాడు. హెలెన్ సెంటుసీసా మూత తీసి ముప్పై ఏడో కుండీ మీద వంచబోతోంది. అందులో ఉన్నది బూజును చంపే మందు. అతను చేయి పట్టుకున్నాడు. మొదటి చుక్క అతని మణికట్టు మీద పడింది. ఆమె హ్యాండ్‌బ్యాగు దొంగ అరలో, తడి గుడ్డలో చుట్టిన వేళ్ల ముక్కలు దొరికాయి.

"కుండీ నంబరు ఎవరు చెప్పారండి?"

"మీరేనండి. నేనొచ్చిన ప్రతిసారీ ముందు దానికే నీళ్లు పోస్తున్నారు."

పోలీసు జీపు వచ్చింది. ఎక్కబోతూ ఆమె ఆగింది.

"నీళ్లు ఎక్కువ పోస్తున్నారండి. వేళ్లు కుళ్లిపోతాయి, చూసుకోండి."

ఆ ఊళ్లో అతన్ని అంత శ్రద్ధగా చూసిన ఒకే ఒక్క మనిషిని అతనే చేయిపట్టి జీపెక్కించాడు.