మూడేళ్ళకి ఎన్ని ఉదయాలు

టోస్టర్‌లోంచి రొట్టె ముక్కలు పైకి లేచేసరికి మేవ్ పెన్సిల్ పట్టుకుని సిద్ధంగా ఉంది. నాలుగో తరగతిలోకి వచ్చి రెండు వారాలైంది. ఇంట్లోవాళ్ళతో కలిసి సరదాగా ఆలోచించి రమ్మని టీచర్ ఇచ్చిన కాగితం బల్ల మీద ఉంది. 'మీ ఇంట్లో ఏడాదికి ఎన్ని రొట్టె ముక్కలు కాలుస్తారు?'

"ఎవరు లెక్కపెట్టారే?" అన్నాడు బ్రెండన్ వెన్న రాసుకుంటూ.

"లెక్కపెట్టక్కర్లేదు నాన్నా. కరెక్టు జవాబంటూ లేదు. ఉజ్జాయింపుగా చెప్పి, ఎలా అనుకున్నామో చెప్తే చాలు."

"అయితే నేనే ఫస్టు. నేనేం చెప్పినా ఉజ్జాయింపే."

పొయ్యి దగ్గర మేవ్ వాళ్ళమ్మ కెర్రిన్ నవ్వింది. "ఐదు నిమిషాల్లో వస్తానంటాడు. గంటన్నర పడుతుంది."

బ్రెండన్ ఉత్తరాన ఇనుప గనుల్లో లారీ నడుపుతాడు. రెండు వారాలు అక్కడ, ఒక వారం పశ్చిమ ఆస్ట్రేలియా తీరాన జెరాల్డ్‌టన్‌లోని ఈ ఇంట్లో. అక్కడున్నన్నాళ్ళూ అతను తపించేది ఇలాంటి పొద్దుటి కబుర్ల కోసమే.

"మామూలు రోజు నాలుగు ముక్కలు," అంది మేవ్. "నువ్వుంటే ఎనిమిది."

"సగం నేనే తినేస్తున్నానా? సరే, ఏడాదికి నేనెన్ని రోజులుంటాను?"

"అది ముందే వేశాను." మేవ్ కాగితం తిరగేసింది. వెనకవైపు పిల్లలు తమ సొంత ప్రశ్న రాయాలి. మేవ్ రాసింది: 'నేను ప్రైమరీ స్కూలు పూర్తిచేసేలోపు నాన్న ఇంట్లో ఉండే ఉదయాలు ఎన్ని?'

"వారానికి ఏడు. కానీ వచ్చిన మర్నాడు మధ్యాహ్నం దాకా పడుకుంటావు. వెళ్ళేరోజు నేను లేవకముందే వెళ్ళిపోతావు. ఇక ఐదే. ఏడాదికి పదిహేడుసార్లు వస్తావు. ఆరో తరగతితో ప్రైమరీ అయిపోయేదాకా ఇంకా మూడేళ్ళు. రెండొందల అరవై."

"భలే వేశావే," అన్నాడు బ్రెండన్. అంతలో కింది వరస కనిపించింది. 'కొత్త డ్యూటీ అయితే 200.'

కెర్రిన్ కూడా వచ్చి చూసింది. "ఈ కొత్త డ్యూటీ ఏమిటి?"

"మూడు వారాలు అక్కడ, ఒక వారం ఇక్కడ. నిన్న గ్యారేజీలో నాన్న ఫోన్లో ఒప్పుకున్నాడుగా. నీకు తెలీదా అమ్మా?"

కెర్రిన్ పొయ్యి ఆర్పింది. "మేవ్, వెళ్ళి బ్యాగు సర్దుకో."

"సర్దేశాను."

"మళ్ళీ సర్దుకో."

పిల్ల వెళ్ళాక కెర్రిన్ అతని వైపు తిరిగింది.

"ఎప్పుడు చెప్దామనుకున్నావు?"

"సమయం చూసి చెప్దామని. సూపర్‌వైజర్ పని, కెర్రిన్. ఆరేళ్ళ నుంచి దానికోసం ఎదురుచూస్తున్నాను. నా దగ్గర స్టీరింగు పట్టడం నేర్చుకున్నవాళ్ళు ఇవాళ నాకు పని పురమాయిస్తున్నారు."

"అది నాకు తెలీదనుకున్నావా? వద్దంటానని భయపడ్డావు, అంతే."

"అవును."

"అనేదాన్నేమో. అనకపోయేదాన్నేమో. నువ్వు అడగలేదుగా, ఇక నాకేం తెలుస్తుంది?"

బ్రెండన్ కాగితం చేతిలోకి తీసుకున్నాడు. రెండొందల కింద 195 అని రాసి చెరిపిన గుర్తు మసకగా ఉంది. రెండొందల అరవై కింద కూడా అలాగే, 255. తలెత్తితే గుమ్మంలో మేవ్, బ్యాగు తగిలించుకుని.

"ఎందుకు పెంచావమ్మా?"

"వచ్చిన లెక్కని దగ్గర్లో ఉన్న పదుల సంఖ్యకి మార్చొచ్చని టీచర్ చెప్పారు. ఇది సరిగ్గా మధ్యలో వచ్చింది. ఎటైనా మార్చొచ్చుగా అనుకున్నా." కాస్త ఆగి, "తగ్గించబుద్ధి కాలేదు," అంది.

అతను లేచి పెరట్లోకి వెళ్ళి, గనిలో పై అధికారి వారెన్‌కి ఫోన్ చేశాడు. మనసు మార్చుకున్నానన్నాడు. ఈ అవకాశం మళ్ళీ ఎప్పుడొస్తుందో చెప్పలేనన్నాడు వారెన్. తెలుసన్నాడు బ్రెండన్.

లోపలికి వచ్చేసరికి కెర్రిన్ బల్ల దగ్గర కూర్చుని ఉంది. మాటలన్నీ కిటికీలోంచి విన్నట్టుంది.

"బాధగా ఉందా?"

"ఉంది," అన్నాడతను. లేదని అనాలనిపించలేదు.

కెర్రిన్ పక్కకి జరిగి చోటిచ్చింది. అతను కూర్చున్నాక చెయ్యి పట్టుకుంది. "ముందే చెప్పి ఉంటే ఇద్దరం కలిసే వదులుకునేవాళ్ళం కదా. ఒక్కడివే పెరట్లో నిలబడి వదులుకున్నావు."

ఆ మాటకి బ్రెండన్ కళ్ళు నిండిపోయాయి. మేవ్ బ్యాగు తీసి కింద పెట్టి, వచ్చి ఇద్దరి మధ్యలో దూరింది. ఆ రోజు బడికి ఆలస్యమవుతుందని ముగ్గురికీ తెలుసు. ఎవరూ లేవలేదు.